పచ్చబడ్డ ఒక్క చేను

మువాషా అరచేతులు చాపించి, చిల్లులు పొడిచిన చెక్కతో పత్తి కంపెనీ మేస్త్రీ కొడుతుంటే మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టారు. ఆమె చేసిన నేరం ఒకటే. కంపెనీ పత్తి వేయమన్న చేలో పిల్లల కోసం కర్రపెండలం నాటింది. చెక్క పడ్డప్పుడల్లా ఆ చిల్లుల్లోకి మాంసం ఉబ్బేది. నాకు తెలియకుండానే నా చేతులు చంకల్లో దాక్కున్నాయి. ఆమె మీద జాలి కంటే ముందు 'నేను కాదు' అన్న ఊరట కలిగింది. ఆ ఊరటను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పోర్చుగీసు దొరల రాజ్యంలో, లూరియో నది ఒడ్డున, ప్రతి ఇంటికీ పత్తి చేను తప్పదు. పత్తిని తినలేం. తిండి పంటకు చోటు లేక మా పిల్లల కాళ్ళు పుల్లలయ్యాయి.

మువాషా రోకలి పట్టలేకపోయింది. ఆమె జొన్నలు దంచడానికి ఆడవాళ్ళమంతా చేరాం. రోకళ్ళ చప్పుడులో మాటలు సిపాయిలకు వినపడవు.

"పత్తి విత్తనాలు వేయించి నాటండే," అంది మా వంశానికి పెద్దదిక్కు నకుటో అమ్మమ్మ. "దొర చేను చూస్తాడు గానీ, గింజ కొరికి చూడడుగా."

"దొరికిపోతేనో?" ఎవరో అడిగారు.

"నేల మంచిది కాదంటాం. నేలని తాళ్ళతో కట్టి తీసుకెళ్తాడా? ఇక్కడ పత్తి రాదనుకుంటే వదిలేసి పోతాడు. కానీ అందరూ వేయించాలి. ఒక్క చేను మొలిచిందో, అందరం దొరికిపోతాం."

"నా మొగుణ్ణి నార తోటకి వెట్టికి పట్టుకుపోయారమ్మమ్మా," అన్నాను. "నా మీద కోపమొస్తే అక్కడ వాణ్ణి..."

"అందరి మొగుళ్ళూ అక్కడే చస్తున్నారు," మువాషా కసిరింది. "నీవాణ్ణొక్కణ్ణే బెల్లంతో చేశారా?"

ఇంటికొచ్చి మంగలం పొయ్యిమీద పెట్టాను. పిడికెడు గింజలు వేయించాను. వాసన పక్కింటికి చేరింది. అంతలో దారిలో బూట్ల చప్పుడు. మంగలం దించేశాను. బూట్లు వెళ్ళిపోయాయి. మళ్ళీ పొయ్యి దగ్గరికి పోలేకపోయాను. మిగిలిన పచ్చి గింజలే నాటాను. నాటుతున్నంతసేపూ అవి వేయించినవేనని నాకు నేను చెప్పుకున్నాను. దాదాపు నమ్మాను కూడా.

వాన పడ్డ పదో రోజుకి నది దాకా చేలన్నీ నల్లగా ఉన్నాయి. నాది పచ్చగా ఉంది.

"భలే పండించావే వదినా," గట్టుమీద నుంచి మువాషా అంది. "దొరకి అల్లుడి మర్యాదలా?"

"భయమేసింది."

"మాకు వెయ్యలేదనుకున్నావా? ఆ గింజలు నాటుతుంటే నాకు ఉచ్చ పడిపోయింది."

పీకేద్దామని వంగేలోపే మేస్త్రీ ఇద్దరు సిపాయిలతో వచ్చాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ నా చేనుకి తోలించాడు.

"విత్తనం ఒకటే, వానా ఒకటే," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ మొలిచింది, అక్కడ మొలవలేదు. ఎవరు చేయించారీ పని? చెప్పు అతీజా. వారంలో నీ మొగుడు ఇంట్లో ఉంటాడు."

నకుటో పేరు నాలుక మీదికి వచ్చింది. మొగుడి ముఖం గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు. అమ్మమ్మ నావైపు చూడటం లేదు. నన్ను నమ్మి చూడటం లేదో, నేను చెప్పేస్తానని తెలిసి చూడటం లేదో! అది భరించలేక వంగి ఒక మొక్క పీకాను. ఇంకొకటి పీకాను.

"ఏయ్! ఆగు!"

నిలబడటం కంటే వంగి ఉండటమే తేలికైంది. పక్కన ఎవరో వంగారు. మువాషా, వంకరపోయిన వేళ్ళతో. తర్వాత వరసంతా వంగింది. తుపాకీ మడమ నా వీపు మీద పడింది. మొక్కల వేళ్ళు తెగుతున్న చప్పుడు మాత్రం చేనంతా వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం నన్నూ, ఊరికి పెద్దదని అమ్మమ్మనీ ఒకే తాడుకి కట్టి ఠాణాకి నడిపించారు. పక్క ఊరి చేలు నల్లగా ఉన్నాయి. ఆ తర్వాతి ఊరివీ అంతే. ఎక్కడా ఒక్క ఆకు లేదు.

"వీళ్ళకెవరు చెప్పారమ్మమ్మా?"

"ఈడొచ్చిన పిల్లల వేడుకలు జరిపించడానికి ఊరూరా తిరిగేదెవరే, నేను కాక?" అంది పెదవులు కదపకుండా.

మేస్త్రీ చేలవైపు చూశాడు. మావైపు చూశాడు. ఇన్ని చేలకీ దొరకి జవాబు చెప్పుకోవాల్సింది అతనే. అతని నడక వేగమైంది. ఆ భయం నడక నాకు బాగా తెలుసు. నెలల తరబడి నేను నడిచింది అలాగే.

"నవ్వకే," అమ్మమ్మ గొణిగింది. "ఠాణా దాకా ఇంకా ఐదు ఊళ్ళున్నాయి."