చీల్చిన అంచు, మిల్లు అంచు

వదినా మరిదీ రోజుకో గొడవ పడకపోతే ఉక్కు రేకులు మడిచే ఆ షెడ్డులో పని సాగదు. ఆ వారం గొడవ అంచు గురించి.

పార్కులో పూలమడుల చుట్టూ మోకాలెత్తు గోడ కట్టే పని వచ్చింది. ఉక్కు రేకును నిలబెట్టి, పైభాగం బయటికి మడిస్తే చిన్న గట్టు అవుతుంది. పైన పట్టిన తుప్పే కవచమై లోపలి ఇనుమును కాపాడే రకం అది, రంగు అక్కర్లేదు. ఉక్కు రేకు చుట్టలు అమ్మే కంపెనీ రెండు నమూనాలు పంపింది. ఒకటి మిల్లులోంచి వచ్చింది వచ్చినట్టే. అంచు నున్నగానే ఉంది గానీ వెడల్పు వంకరటింకర. రెండోది మిషన్ మీద చీల్చినది, గీత గీసినట్టుంది.

"చీల్చిందే తెప్పిద్దాం వదినా. మన మిషన్లోకి ముద్దుగా వెళ్తుంది."

"మిషన్‌కి ముద్దే. గట్టు మీద కూర్చునేవాళ్ల మాటేంటి?"

"పక్కనే బెంచీలుంటే గట్టెక్కేదెవరు?"

అంతలో క్యారియర్ పట్టుకుని అత్తగారు వచ్చింది. నడిచొచ్చిన ఆయాసంతో నమూనాల పక్కనే చతికిలబడింది. లేవబోతే శాలువా రాలేదు. చీల్చిన అంచున ఉన్న కంటికానని ముళ్లు పోగుల్ని పట్టేశాయి.

"ఓరి నాయనో, ఇది నన్ను వదలనంటోందిరా!"

మరిది ముఖం చిన్నబోయింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పోగూ విడిపించాడు. "నువ్వే గెలిచావు వదినా. మిల్లు అంచే."

గెలిచినందుకు వదినకు సంతోషం నిలవలేదు. టేపు పెడితే మిల్లు రేకు వెడల్పులో ఆ చివరికీ ఈ చివరికీ గోరంత తేడా. అతుకులు కలవవు. "ఇదీ కుదరదయ్యా," అంది నీరుగారిపోయి.

ఇద్దరూ అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే వాదించుకున్నారు. చివరికి వదినే కంపెనీకి ఫోన్ చేసింది. చీల్చాక అంచును గుండ్రం చేసి ఇస్తారట, కాకపోతే ఆలస్యమవుతుంది. పార్కు అధికారిని గడువడిగే బాధ్యత మరిదిది.

"మా అమ్మ కూర్చుంటుందండీ," అన్నాడు ఫోన్లో. వదిన నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయింది.

గోడ పూర్తయి, వానలు వెలిసి, తుప్పు బట్టలకంటడం మానాక, అత్తగారు సాయంత్రాలు ఆ పార్కుకే వెళ్తోంది. ఒకరోజు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని గట్టంచును అరచేత్తో నిమిరింది.

"బెంచీ ఖాళీగా ఉందమ్మా, వీపుకి ఆనుకోవచ్చు," అన్నాడు మరిది.

"అది ఎవరు చేశారో ఏమో," అంది ఆవిడ కదలకుండా.