మంచు మీద మంట

మంచు మీద వాన పడింది.

నడి చలికాలంలో... పడకూడని వాన.

తెల్లారేసరికి నేలంతా గాజులా బిగుసుకుపోయింది. మంచు అడుగున గడ్డివేళ్లు కొరుక్కుని బతికే చిట్టెలుకలు ఆ గాజు కిందే చచ్చిపోయాయి.

ఎలుకలు లేవు. నక్కకి తిండి లేదు.

నక్క కోళ్లగూటికి వచ్చింది.

ఊళ్లో అందరూ కోళ్లమ్మ అని పిలిచే ఆమెకి ఎలుకల సంగతి పట్టలేదు. ఆమె చూసింది నెత్తురు, ఈకలు. చేపతలలో విషం కూరింది.

"వద్దే. విషం ఒక్క నోటితో ఆగదు," అన్నాడు భర్త. గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాడు.

"మీకేం, ఎన్నయినా చెప్తారు. పోయేవి నా కోళ్లు."

గూటి వెనక పెట్టి వచ్చింది.

ఆగలేదు —

నక్క పడింది. నక్కని పొడుచుకు తిన్న కాకులు పడ్డాయి. ఆ కాకుల్లో ఒకదాన్ని సగం తిని, మిగతా సగం నోట కరుచుకుని, తోకూపుకుంటూ ఇంటికొచ్చింది కుక్క. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు ఆమె తన దుప్పట్లో పడుకోబెట్టుకుని పెంచిన కుక్క.

పొయ్యి పక్కన, ఆమె ఒళ్లోనే కొయ్యబారిపోయింది.

ఆమె ఏడవలేదు. పాలు పట్టబోయిన చెంచా అలాగే పట్టుకుని కూర్చుంది.

పాతిపెడదామంటే గునపం దిగని నేల. వదిలేస్తే ఇంకో నోరు.

కాల్చాలి.

చలికాలానికి దాచుకున్న కట్టెల్లో సగం మోసుకొచ్చాడు భర్త. ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేదనిపించింది ఆమెకి.

నక్క, కాకులు, కుక్క... ఒకే మంట.

అప్పుడు వచ్చింది ఇంకో నక్క. డొక్కలు ఎండిన ఆడనక్క. మాంసం వాసనకి వచ్చింది.

"పో! పోవే తల్లీ, నీకు దణ్ణం పెడతా. తినకే!"

ఆమె మంచుగడ్డ విసిరింది. నక్క వెనక్కి తగ్గింది. మళ్లీ ముందుకొచ్చింది. మళ్లీ విసిరింది.

ఎముకలు బూడిదయ్యేదాకా ఆమె ఆ మంటకీ ఆ ఆకలికీ మధ్యే నిలబడింది.

తర్వాత గూట్లోకి వెళ్లి, మిగిలిన వాటిలో బాగా గుడ్లు పెట్టే పెట్టని కోసి తెచ్చింది.

"దానికా?" అన్నాడు భర్త.

"దానికే."

మంచు మీద పెట్టి, గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

నక్క ముక్కెత్తింది. కోడి వాసన. మంచుగడ్డలు విసిరిన ఆ చేతుల వాసన.

దగ్గరికి రాలేదు.

వెళ్లిపోనూ లేదు.

సన్నగా మంచు మొదలైంది... కోడి మీద, నక్క వీపు మీద, తలుపు వేసుకోలేక నిలబడ్డ ఆమె మీద.