హాజెల్‌కోట్ బంగళాలో చివరి కిటికీ

దగ్గరికి జరగండి నాయనా, మంట పక్కకి వచ్చి కూర్చోండి. హాజెల్‌కోట్ బంగళాని మీరంతా చూసినవాళ్ళే గాని, దాని కిటికీల సంగతి మీకెవరూ చెప్పి ఉండరు.

ఇంగ్లండుని జార్జి రాజులు ఏలుతున్న రోజుల్లో, ఈ కథనాటి దొర సర్ మైల్స్ తండ్రి తేనెరంగు రాయితో దాన్ని కట్టించాడు. గుమ్మానికి ఈ పక్క ఎన్ని కిటికీలుంటే ఆ పక్కా అన్నే ఉండాలని ఆయన పట్టు.

బంగళాకి ఎదురుగా, గొర్రెలు రాకుండా తవ్విన కందకానికి ఇవతల, దుంపల పొలం. అందులో డోర్కస్ టెబట్ కూలికి వచ్చేది. కూతురు కెజియా బంగళాలో పనికి చేరిన రోజే, "పడుకునే చోట కిటికీ ఉందా తల్లీ?" అని అడిగింది. కెజియా పైవరసలో చివరిదాన్ని చూపించి, "అదిగో అమ్మా, అదే నాది" అంది. అప్పటి నుంచి డోర్కస్ నడుం ఎత్తినప్పుడల్లా అటు చెయ్యి ఊపేది.

"ఏమే, దొరగారికేనా దండాలు?" అని పక్క సాలులో జుడిత్ ఎగతాళి చేసేది.

"నా పిల్లకి. నీకెందుకే ఏడుపు?"

ఆకులు రాలే రోజుల్లో బంగళాలో విషజ్వరం పట్టుకుందని కబురొచ్చింది. ఆ ఆదివారం కెజియా చర్చికి రాలేదు. మర్నాడు డోర్కస్ తలెత్తేసరికి, నిచ్చెన మీద ఒకడు ఆ చివరి కిటికీకి నల్లరంగు పూస్తున్నాడు.

ఆ ఊళ్ళో ఎవరైనా పోతే కిటికీలు మూసి నల్లగుడ్డ కడతారు. డోర్కస్ పార అక్కడే పడేసి, కందకంలోకి జారి, గడ్డి పట్టుకుని పైకి పాకి, దొరల పచ్చిక మీద అడ్డంగా పరిగెత్తింది.

"ఎవరికోసమయ్యా ఆ నలుపు?" అంది నిచ్చెన కింద నిలబడి.

రంగులేసే క్రిక్ కిందికి చూశాడు. "ఎవరికోసమూ కాదక్కా. పాతరంగు వెలిసిపోయింది. ఇది ఆరాక తెల్లగీతలు గీస్తే దూరానికి అద్దాల్లా ఉంటుంది. దీని వెనక గోడే. వంటింటి పొగగొట్టం అటే పోతుంది. లెక్క కుదరాలని బొమ్మకిటికీ పెట్టారు."

"మరి నా పిల్ల?"

"పెరట్లో అడుగక్కా. పొద్దున నీళ్ళు మోస్తుంటే చూశాను."

డోర్కస్ పెరటి వైపు వెళ్ళింది. కెజియా బకెట్ కింద పెట్టి, "నాకేం కాలేదమ్మా. జ్వరంతో పడుకున్నవాళ్ళ పని కూడా నా మీదే పడింది" అంది. డోర్కస్ కూతురి ముఖం తడిమింది. తరువాత, "నీ గది చూపించు" అంది.

పగలే కొవ్వొత్తి వెలిగించాల్సి వచ్చింది. మసి వాసన. కిటికీ ఉండాల్సిన చోట డోర్కస్ అరచెయ్యి ఆనించింది. గోడ వెచ్చగా ఉంది.

"ఎందుకే అబద్ధం చెప్పావు?"

"నువ్వడిగితే లేదనలేకపోయాను. నువ్వు చెయ్యూపుతున్నావని తర్వాత గిన్నెలు తోమే హెప్సీ చెప్పింది. ఇంకెలా చెప్పను?"

"ఎప్పుడైనా చూశావా నన్ను?"

"ఒక్కసారి కూడా చూడలేదమ్మా."

పనివాళ్ళ మీద పెత్తనం చేసే మిసెస్ పెల్ గుమ్మంలోకి వచ్చింది. "దొరగారి పచ్చిక తొక్కింది చాలు, ఇక పో. పిల్లని తీసుకుపోతే మాత్రం మంచిమాట ఒక్కటి రాసివ్వను. ఇంకే ఇంట్లోనూ దానికి పని దొరకదు."

"ఇంటి దగ్గర తిండికి ఇబ్బందే, నీకు తెలుసు. ఉంటావో వస్తావో నువ్వే చెప్పు తల్లీ" అంది డోర్కస్ కూతురితో.

కెజియా నడుముకు కట్టుకున్న తెల్లగుడ్డ విప్పి, అంచుకి అంచు కలిపి మడిచి, మంచం మీద పెట్టింది.

ఆ చలికాలమంతా తల్లీకూతుళ్ళు ఒకే సాలులో దుంపలు తవ్వారు. కెజియా చేతులు పగిలి నెత్తురొచ్చింది. తిరిగి వెళ్తాననలేదు.

ఆ బంగళా అందాన్ని ఎవరైనా పొగిడితే పొగడనివ్వండి, అది నిజంగా అందమైనదే. కానీ కెజియా టెబట్ అనే పేరు మనసులో పెట్టుకోండి. నేను పోయాక మీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి, ఈ కథ మీ నోటితో చెప్పండి.