నూట పన్నెండో పేజీలో నాలుగు

నేను ఒక హంతకుడి చేతిరాతను పదకొండేళ్లు ఒంటి మీద మోసిన పుస్తకాన్ని. హంతకుడంటే కత్తి పట్టినవాడు కాదు, ఎర్ర పెన్ను పట్టినవాడు.

నా పేరు సంభావ్యతా శాస్త్రం. నాలుగో ముద్రణ, బరువు కిలోంబావు. నా మొదటి యజమాని దైవాధీనం గారు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరరు. పిల్లలు కాపీ కొడతారని నా చివర్న ఉన్న జవాబుల పేజీలు చించి ఎక్కడో దాచారు. దాచిన చోటు మర్చిపోయారు. అంత పకడ్బందీ మనిషి.

రిటైరవుతూ నన్ను ముక్తేశ్వర్ అనే శిష్యుడికిచ్చారు. నూట పన్నెండో పేజీ, ఏడో లెక్క: నాణెం ఎగరేస్తూ పోతే వరసగా రెండు బొమ్మలు పడటానికి సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి? ముక్తేశ్వర్ పది సెకన్లు ఆలోచించి పక్కన ఎర్రగా 4 వేసి చుట్టూ సున్నా చుట్టాడు. ఆ నాలుగు కింద తేలు కొండిలాంటి తోక.

అసలు జవాబు ఆరు. నాకు తెలుసు. కానీ నాకు నోరు లేదు.

పరీక్షలవగానే అతను తన పేరు గీకేసి నన్ను విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలవాళ్లకు అమ్మేశాడు. అక్కడ ఏళ్ల తరబడి ఒక వంటల పుస్తకం కింద పడుకున్నాను. అప్పుడొచ్చింది హైమ.

ఇరవై నాలుగేళ్లు, మెకానికల్ ఇంజనీరు. పంపుల కంపెనీలో ఉద్యోగం మానేసి ముంబైలో ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ పీజీ సీటు కోసం కూర్చుంది.

"అంటే ఏం చదువే అది?" అని వాళ్లమ్మ సుబ్బులు అడిగింది.

"రేపు ధరలు ఎంత పడతాయో, ఎంత లేస్తాయో లెక్కగట్టే చదువమ్మా."

"టమాటాలవి కూడానా?"

పొద్దున మాత్రికలు, మధ్యాహ్నం నేను, సాయంత్రం ప్రోగ్రామింగ్. నిరుడు రాతపరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూలో ఒక సంభావ్యత లెక్క దగ్గర బిగుసుకుపోయింది. ఆ సంస్థ రెండు అవకాశాలే ఇస్తుంది. ఇది రెండోది. ఈసారి పోతే మళ్లీ పంపులే.

అందుకే ఏ జవాబునూ ఒక్క సాక్ష్యంతో నమ్మేది కాదు. నా మార్జిన్లో నాలుగుంది. బెంజి సర్కిల్ దగ్గర తను వెళ్లే కోచింగ్ సెంటరు నోట్సులోనూ నాలుగే. రెండు సాక్ష్యాలు కుదిరాయి కదా అని బట్టీ పట్టేసింది.

ఆ కోచింగ్ సెంటరు నడిపేది ఎవరనుకున్నారు? మన ముక్తేశ్వరే. సాక్షులు ఇద్దరు, మనిషి ఒక్కడు. ఆమె సంచిలో పడి క్లాసుకు పోతున్న నాకు చెమటలు పట్టాయి. అట్ట చెమ్మగిల్లితే వానకనుకుంది.

ఇంటర్వ్యూ వారం ఉందనగా అతను ఏడో లెక్క బోర్డు మీద వేశాడు. చివర్న 4. కింద తేలు కొండి.

హైమ బోర్డు చూసింది. నన్ను తెరిచి చూసింది. మళ్లీ బోర్డు చూసింది.

"సార్, ఎలా వచ్చిందండీ?"

"ఎలా వచ్చిందేంటమ్మా? ఒక బొమ్మకి సగటున రెండు సార్లు. రెండు బొమ్మలకి? రెండు రెళ్లు ఎంతో కూడా నేనే చెప్పాలా?"

క్లాసంతా నవ్వింది. హైమ నవ్వలేదు.

ఇంటికొచ్చి అమ్మ చేతిలో ఐదు రూపాయల బిళ్ల పెట్టింది.

"ఎగరెయ్యమ్మా. వరసగా రెండు బొమ్మలు పడేదాకా."

"పెళ్లిచూపులకి కూర్చోమంటే తీరికలేదంటావు. బొమ్మా బొరుసూ ఆడ్డానికి మాత్రం ఉందేం?" అంటూనే సుబ్బులు పప్పు చేట పక్కన పెట్టింది. ఒకసారి మూడు ఎగరేతలకే పడ్డాయి. ఒకసారి పందొమ్మిది పట్టింది. వంద ఆటలయ్యేసరికి సగటు ఆరు దగ్గర తచ్చాడుతోంది.

"నాలుగన్నవాడెవడే? వాడి బిళ్లకి రెండు పక్కలా బొమ్మే ఉందేమో చూడు," అంది సుబ్బులు, భుజం నొక్కుకుంటూ.

హైమ కాగితం తీసింది. ఒక బొమ్మ పడ్డాక బొరుసు పడితే ఆ బొమ్మ వృథా. మళ్లీ మొదట్నుంచి ఎగరేయాలి. ముక్తేశ్వర్ మర్చిపోయింది ఆ మొదటికి రావడాన్నే. లెక్క ఆరుకు తేలింది. ఎర్ర నాలుగును కొట్టేసి, దాని కింద పెన్సిలుతో మొత్తం రాసింది. ఒళ్లంతా చక్కిలిగింత నాకు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. ల్యాప్‌టాప్ ఎత్తు చాలక నన్ను దాని కింద పెట్టింది కాబట్టి ప్రతి మాటా విన్నాను. ముగ్గురు పెద్దమనుషులు. మూడో ప్రశ్నే మన ఏడో లెక్క.

"ఆరు," అంది హైమ.

"ఈరోజు మీ ఊరివాళ్లు ముగ్గురు నాలుగన్నారు. మీకు ఆరని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. చెప్పినవాళ్లంతా నాలుగనే చెప్పారు."

ఎవరో నవ్వారు. "సరే. వరసగా మూడు బొమ్మలైతే?"

నా పేజీల్లో లేని లెక్క. పైన పెన్ను గీకే చప్పుడు. ఆగింది. మళ్లీ గీకింది.

"పద్నాలుగు సార్."

"ఎలా?"

చెప్పింది. రెండు పడ్డాక ఇంకొకటి ఎగరేయాలి, అది బొరుసైతే అంతా మొదటికే. సీటొచ్చింది.

మర్నాడే ముక్తేశ్వర్ ఆమె ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. "నువ్వు చదివిన పుస్తకం ఇవ్వమ్మా, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది," అన్నాడు.

హైమ నన్ను రెండు చేతులతో అందించింది. "నూట పన్నెండో పేజీ మీదే సార్."

ఆమె వెళ్లాక అతను ఆ పేజీ తీశాడు. తన నాలుగును గుర్తుపట్టాడు. గది తలుపు దగ్గరికి వేసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆమె రాసిందంతా తన నోట్సులోకి ఎక్కించుకున్నాడు. తర్వాత నన్ను గాజుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు పిల్లలు టెస్టులకు ముందు నాకు దణ్ణం పెట్టిపోతున్నారు. తెరిచి చూసినవాడు లేడు.

కొత్త బ్యాచికి నిన్న ఏడో లెక్క చెప్పాడు. జవాబు ఆరన్నాడు, మొదట్నుంచీ అదే చెబుతున్నట్టు. అందరూ రాసుకున్నారు.

ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "సార్, మూడు బొమ్మలైతేనండీ?"

ముక్తేశ్వర్ గాజుపెట్టె వైపు చూశాడు. జేబులో తాళంచెవి తడుముకున్నాడు. హైమ నామీద రాసింది రెండు బొమ్మల వరకే. క్లాసు అవడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి.