కోడ్ లేని బామ్

అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక కౌంటీ, అంటే జిల్లా, రోడ్ల శాఖ షెడ్డు. పొద్దున్నే పనివాళ్లు చేతి తొడుగులు, నీళ్ల సీసాలు తీసుకుని, తలుపు పక్కనున్న పెట్టెలోంచి తలా ఒక లిప్ బామ్ జేబులో వేసుకునేవారు. చూసేవాళ్లకు ఎంత శ్రద్ధగల ఆఫీసో అనిపించేది.

డెల్ఫీనో ఆర్చులెటా ఇరవై రెండేళ్లుగా ఆ శాఖలో, రోడ్డు పనులు జరిగేచోట జెండా పట్టుకుని వాహనాలను ఆపేవాడు. టోపీ నుదుటిని కాపాడేది గానీ, తారు మీద నుంచి పైకి కొట్టే ఎండ పెదవులను కాల్చేది. కింది పెదవి పొలుసులు లేస్తుంటే, సన్‌స్క్రీన్ కలిసిన బామ్ తెప్పించమని సామాన్ల గుమాస్తా లోర్నాను అడిగాడు.

లోర్నా తెప్పించింది. పై ఆఫీసు ఆ సరుకును వెనక్కి పంపేసింది. సన్‌స్క్రీన్ కలిస్తే బామ్ చట్టం దృష్టిలో ఔషధం. దాని మీద మందులకు వేసే కోడ్ నంబరు ఉంటుంది. మందును సామాన్ల పద్దు కింద కొనకూడదన్నారు పై ఆఫీసు వాళ్లు. ఇది ఏ రోగానికీ కాదు గనుక తామూ ఇవ్వలేమన్నారు ఆరోగ్య విభాగం వాళ్లు. నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాక, లోర్నా సన్‌స్క్రీన్ లేని, కోడ్ లేని మామూలు బామ్ కొని పెట్టెలో పోసింది. డెల్ఫీనో అర్జీ మీద "తీరినది" అని రాసింది. తేడా ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ ఉత్తరాలు మొదలవుతాయని జంకింది. ఇందులో దుర్మార్గులెవరూ లేరని పాఠకులు గమనించాలి.

మూడేళ్లు డెల్ఫీనో దాన్నే గంటగంటకీ రాసుకున్నాడు. భార్య ప్రూడెన్సియా కొట్లో వేరేది కొంటానంటే వద్దన్నాడు. "ఇది ఎండకేనే. నేనే అడిగి తెప్పించా" అన్నాడు. తోటివాడు యూసెబియో, "పెళ్లికొడుకులా ఆ పూతలేంటి బావా?" అని ఏడిపిస్తే నవ్వేవాడు. నవ్వితే పెదవి చిట్లి రక్తం వచ్చేది.

చివరికి పెదవి మీద మానని పుండును చూసి డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సర్. అప్పటికే మెడలోకి దిగింది. కింది పెదవి సగం తీసేశారు. ఆ తర్వాత అతను మనుమరాలి ఎదుట అన్నానికి కూర్చోలేదు. తొమ్మిది నెలలకు పోయాడు.

అంత్యక్రియలయ్యాక ప్రూడెన్సియా ఆఫీసుకొచ్చి, అతని జేబులో దొరికిన బామ్ లోర్నా బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఎండకి పనిచేసేది ఏమన్నా ఉందా అమ్మా?"

"లేదండీ."

"ఆ ముక్క ఆయనకి చెప్పుంటే, మా వీధి కొట్లో నేనే కొనేదాన్ని."

ఆ నెల లోర్నా కౌంటీ సభకు వెళ్లి జరిగినదంతా చెప్పింది. సభ్యులు సానుభూతి తెలిపారు. నిబంధన తమ చేతిలో లేదని, పరిశీలనకు రాస్తామని అన్నారు. ఆమెకిచ్చిన మూడు నిమిషాలు అయిపోయాయి. మైకు ఆపేసి, తర్వాతి అంశం చదవడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం కూర్చోలేదు.

"నేను రాసిన కాగితాల్లో నిబంధన ప్రకారం ఒక్క తప్పు లేదండీ. ఇవ్వలేకపోవడం నిబంధన వల్ల. ఇవ్వలేదని చెప్పకపోవడం మాత్రం నా వల్ల. మనిషిని చంపింది ఆ రెండోదే."