అత్తగారు వద్దన్న సూది

కోడలి చేతులు చకచకా ఆడతాయి గానీ నోరు పెగలదు. ఏ పనైనా చెప్పకుండా చేసేయడం ఆమె అలవాటు. సొంత దేశంలో ఏళ్ల తరబడి నర్సుగా చేసినప్పుడు ఆ అలవాటే ఆమెకు మంచి పేరు తెచ్చింది. రోగి కళ్లు మూసి తెరిచేలోగా సూది గుచ్చడం, తీయడం అయిపోయేవి. ఈ దేశం వచ్చాక అదే అలవాటు కొంప ముంచింది.

ఇక్కడ నర్సు లైసెన్సు కావాలంటే రబ్బరు బొమ్మ మీద పరీక్ష పెడతారు. మంచం మీద పడుకున్న ఆ బొమ్మకు మన పేరు చెప్పుకుని, చేయబోయేది వివరించి, అనుమతి అడిగి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. బొమ్మను అనుమతి అడగడమేమిటి, చోద్యం కాకపోతే, అనుకుంది కోడలు. నోరు విప్పకుండా చక్కగా సూది వేసి వచ్చింది. పరీక్ష తప్పింది.

"మీ చేతులకి వంక పెట్టలేను. కానీ మంచం మీద ఒక మనిషి ఉన్నట్టు మీరు ఒక్కసారి కూడా అనుకోలేదు" అంది పరీక్షకురాలు.

మిగిలింది ఇంకొక్క అవకాశం. అదీ పోతే నర్సింగు చదువు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. అందాకా ఆస్పత్రిలో సహాయకురాలిగా దుప్పట్లు మార్చుకుంటూ ఉండాలి. నర్సులు చాలక ఆమె పనిచేసే వార్డులో సగం మంచాలకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి పక్కన పెట్టేశారు. రోగులేమో వరండాలో చక్రాల మంచాల మీద పడిగాపులు కాస్తున్నారు. ఎవరైనా నొప్పిగా ఉందమ్మా అంటే, ఏం చేయాలో తెలిసి కూడా "నర్సుని పిలుస్తాను" అనాల్సి రావడం కోడలి కడుపు మండించేది.

ఆ మంచాలను చూసి హెడ్ నర్సుకీ కడుపు మండేది. అందుకే ఆవిడ బయటి దేశాల్లో చదివొచ్చిన వాళ్లందరినీ పోగేసి, డ్యూటీ దిగాక తర్ఫీదు ఇస్తోంది. కోడలి వంతు వచ్చేసరికి సిరంజి పక్కన పెట్టేసింది.

"నీకు సూది వేయడం నేర్పే పని లేదు నాకు. ఇంటికెళ్లి ఎవరితోనైనా మాట్లాడు, చాలు."

ఇంట్లో దొరికేది అత్తగారే. మొగుడు బస్సు నడిపి వచ్చి, చెప్పులు విప్పేలోపే కునుకు తీసే రకం. సంగతి వినగానే అత్తగారు రవిక చెయ్యి పైకి మడుచుకుని సోఫా మీద వాలిపోయింది. కోడలు సూది లేని సిరంజి పట్టుకుని నిలబడింది.

"నమస్కారమండీ. నేను మీ నర్సుని. మీకు ఇంజెక్షన్ ఇవ్వాలి. ఇవ్వమంటారా?"

"వద్దు."

"సరే అనాలి అత్తయ్యా."

"అడిగావుగా. నాకు వద్దు."

రోజూ ఇదే వరస. చెయ్యి లాగుతోందని ఒకరోజు, కొడుకు లేచాక చూద్దామని ఇంకోరోజు. కోడలు కొన్నాళ్లు పళ్లు నూరింది. తర్వాత చేసేది లేక స్టూలు లాక్కుని కూర్చుని, ఎందుకొద్దో చెప్పమని అడగడం మొదలుపెట్టింది.

"మీ మామగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, వచ్చినవాళ్లు వచ్చినట్టు చెయ్యి గుంజి పొడిచి పోయేవాళ్లు" అంది అత్తగారు ఒక సాయంత్రం. "ఎందుకో చెప్పిన పాపాన పోలేదు. పాపం, ఆయన తలుపు చప్పుడైతే చాలు, చెయ్యి దుప్పట్లో దాచుకునేవారు."

కోడలు చేతిలోని సిరంజి పక్కన పెట్టింది. తను పొడిచిన చేతుల్లో ఎన్ని అలా దాక్కున్నాయో ఆమెకు తెలియదు.

పరీక్ష రోజు వచ్చింది. అదే గది, అదే బొమ్మ, అదే పరీక్షకురాలు. కోడలు పేరు చెప్పుకుంది, చేయబోయేది వివరించింది, ఇవ్వమంటారా అని అడిగింది. అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగింది. మామూలుగా బొమ్మ తరఫున పరీక్షకురాలు సరే అంటుంది.

"వద్దు" అంది పరీక్షకురాలు.

కోడలికి నవ్వొచ్చినంత పనయింది. స్టూలు లాక్కుని బొమ్మ పక్కన కూర్చుంది.

"సరేనండీ. ఎందుకొద్దో చెబుతారా?"

"పోయినసారి ఒకావిడ నాతో ఒక్క మాటైనా అనకుండా పొడిచి వెళ్లిపోయింది."

"ఆవిడ నేనేనండీ" అంది కోడలు బొమ్మతోనే. "తప్పయింది. ఈసారి అన్నీ చెప్పే చేస్తాను. మీరు ఆపమంటే ఆపేస్తాను."

పరీక్షకురాలు కలం కింద పెట్టింది. "అయితే సరే."

లైసెన్సు చేతికి వచ్చిన రోజు హెడ్ నర్సు ఆమెను మాటల్లో పొగడలేదు. చరచరా వెళ్లి ఒక మంచానికి తొడిగిన ప్లాస్టిక్ కవరు లాగేసి, వరండాలోంచి ఒక ముసలాయన్ని లోపలికి రప్పించింది. ఆయన దగ్గర కోడలు ముందు పేరు చెప్పుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు సోఫా మీద రవిక చెయ్యి పైకి మడుచుకుని సిద్ధంగా ఉంది.

"పరీక్ష అయిపోయింది కదా అత్తయ్యా. లేవండి."

"తెలుసు." అత్తగారు లేవలేదు. "నా మంచం కిటికీ దగ్గర్నుంచి లోపలి గదిలోకి మార్చావు. నా మంచికే అయ్యుంటుంది. కానీ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఈ పరీక్ష పుణ్యమా అని రోజుకోసారైనా నన్ను అడిగేవాళ్లు దొరికారు."

కోడలికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ మంచం మళ్లీ కిటికీ దగ్గర వేస్తాను. వేయమంటారా?"

"వద్దు."

కోడలు తొందరపడలేదు. "ఎందుకొద్దో చెప్పండి."

"పొద్దుట్నుంచీ నిలబడి వచ్చావు, నడుము పట్టేస్తుంది" అంది అత్తగారు రవిక చెయ్యి కిందికి దించుకుంటూ. "మావాణ్ణి లేవనీ. ముగ్గురం కలిసి వేద్దాం."