జోడీకి సగం

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మా బాపు లింగమూర్తి మొండితనం అలాంటిది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకి, ఇంజెక్షన్లు పనిచేయడం మానేశాక కూడా నడుం పట్టుకుని గోదావరిఖని చౌరస్తా దాకా నడిచి చాయ్ తాగొచ్చేవాడు. పక్కన ఎప్పుడూ చాంద్ పాషా కాక ఉండేవాడు. బొగ్గుబాయిలో ఇద్దరూ టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లర్లు, ఒకే జోడీ. ఎవరు ఎన్ని తట్టలు ఎత్తినా టబ్బు నిండితే కూలి చెరిసగం. సద్ది గిన్నె కూడా అంతే. చివరికి రోగం కూడా ఇద్దరికీ ఒకటే వచ్చింది.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు ఇలాంటి రోగులకు మింగే కీమో గోలీలు ఇచ్చి పరీక్షిస్తున్నారని తెలిసి ఇద్దరినీ తీసుకెళ్లాను. బాపును తీసుకున్నారు. కాకకు కిడ్నీలు బాగాలేవని వద్దన్నారు. తిరుగు రైల్లో సద్ది గిన్నె మాత్రం ఎప్పటిలాగే చెరిసగం తిన్నారు.

ఆ గోలీల మీదే నా ఆశంతా. పిలిచినప్పుడల్లా బాపును తీసుకెళ్లి, గోలీలకు తెల్లకణాలు పడిపోయాయేమోనని రక్తపరీక్ష చేయించేదాన్ని. అయినా రోగం తగ్గలేదు. "మందు పనిచేస్తలేదేమోనమ్మా, ఇంకొన్ని రోజులు చూద్దాం," అన్నది డాక్టరమ్మ. ఆ రోజు బస్టాండులో కూర్చుని ఏడ్చాను.

ఎండాకాలం మొదట్లో పాషా కాకకు జ్వరం పట్టుకుంది. నోరంతా పుండ్లు. ఇక్కడి దవాఖానలో మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు, సూదులు మార్చారు. ఒళ్లు పెనంలా కాలుతూనే ఉంది. కాక కూతురు ఆసియా తడిగుడ్డ పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. బాపు నన్ను వరండాలోకి పిలిచాడు.

"జమునా, నా గోలీలల్ల సగం పాషాకు ఇస్తున్న బిడ్డా."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది. ఒకరోజు నేను, ఒకరోజు వాడు. జోడీల ఒక్కడే ఎట్ల తింటడు?"

మందు పనిచేయడం లేదని ఏడ్చానే, అసలు అది సగమే కడుపులోకి పోయింది. బాపు రక్తాన్ని ప్రతిసారీ చూశారు. కాక రక్తాన్ని ఎవరు చూశారు?

"లోపటికి పోయి డాక్టరుకు చెప్త," అన్నాడు బాపు.

"చెప్తే నిన్ను తీసేస్తరు బాపు. ఇగ నీకు వేరే మందు లేదు. ఇప్పటిసంది మొత్తం నువ్వే మింగు. నీ కాళ్లు మొక్కుత, చెప్పకు."

"బాయిల కప్పు కూలి నా జోడీ దాని కింద పడ్డడనుకో. నేనొక్కన్నే పైకొస్తే ఇంట్లకు రానిస్తవా?"

"రానిస్త," అన్నాను. నిజంగానే రానిచ్చేదాన్ని. బాపు నడుం పట్టుకుని లోపలికి వెళ్లాడు.

సంగతి తెలియగానే కాక రక్తం తీసి చూశారు. తెల్లకణాలు దాదాపు లేవు. వైద్యం మార్చారు. కాక బతికాడు. హైదరాబాద్ వాళ్లు మిగిలిన గోలీలు వెనక్కి తీసుకుని బాపును పరీక్షలోంచి తప్పించారు. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు బాపు నడవలేడు. మొన్న ఆటోలో కాక ఇంటికి తీసుకెళ్లాను. గోలీలు వెనక్కి పోయాయని అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. కాక మంచం మీద లేచి కూర్చుని, అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు.

"నా వంతేది లింగన్నా?"

బాపు ఆ చేతిలో తన ఖాళీ చెయ్యి పెట్టాడు.

"ఈసారి గూడ సమానమే పాషా. నీకు లేదు, నాకు లేదు."